"రెండూ బాగానే ఉన్నాయి కదండీ!" - పర్షియన్ పిల్లుల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన నెల పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒకాయన ఆరేళ్ళ పర్షియన్ ఆడపిల్లిని బుట్టలో పెట్టుకుని భీమవరంలో మా క్లినిక్‌కి తెచ్చారు. పది రోజులుగా తిండి ముట్టడం లేదట, నీళ్ళు మాత్రం గిన్నెలకు గిన్నెలు తాగేస్తోందట. పొట్ట మీద చెయ్యి వేసి చూశాను. మామూలు కిడ్నీ నున్నగా, చిక్కుడు గింజ ఆకారంలో చేతికి తగలాలి. ఇది సీతాఫలంలా బొడిపెలు బొడిపెలుగా తగిలింది. స్కాన్‌లో రెండు కిడ్నీల నిండా నల్లటి గుండ్రాలు కనిపించాయి, అన్నీ నీటి తిత్తులే. కిడ్నీలు పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 9 దాటిపోయింది.

"ఎన్నిసార్లు పిల్లల్ని పెట్టిందండీ?" అన్నాను.

"నాలుగుసార్లండి. మొత్తం పదిహేను పిల్లలు. అన్నీ అమ్ముడైపోయాయండి." కాసేపాగి, "దీని తల్లీ తండ్రీ రెండూ బాగానే ఉండేవండి. కళ్ళారా చూసే తెచ్చుకున్నాం" అన్నారు.

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఈ పోస్టు ముఖ్యంగా దాని కోసమే.

అపోహ: తల్లీతండ్రీ చూడటానికి ఆరోగ్యంగా ఉంటే పిల్లలకి జబ్బు రాదు.

వాస్తవం: పర్షియన్లలో పాలీసిస్టిక్ కిడ్నీ డిసీజ్, అదే పి.కె.డి., సరిగ్గా ఈ నమ్మకం మీదే బతుకుతోంది. తిత్తులు పుట్టుకతోనే ఉంటాయి, కానీ చాలా నెమ్మదిగా పెరుగుతాయి. కిడ్నీల పని ముప్పాతిక వంతు పోయేదాకా రక్తపరీక్షలో క్రియాటినిన్ పెద్దగా పెరగదు. అందుకే మూడేళ్ళ నుంచి పదేళ్ళ మధ్య ఎప్పుడైనా, సగటున ఏడేళ్ళ వయసుకి జబ్బు బయటపడుతుంది. మనవాళ్ళు క్రాసింగ్ ఎప్పుడు మొదలుపెడతారు? ఏడాది నిండీ నిండకుండానే. అంటే పిల్లి నీరసించే నాటికి దాని మనవలు కూడా పిల్లల్ని పెట్టేసి ఉంటాయి.

దీనికి కారణం పి.కె.డి.1 అనే ఒక్క జన్యువులో ఒక్క అక్షరం మారడం. 2004లో అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెస్లీ లయన్స్ బృందం దాన్ని కనిపెట్టింది. అప్పటికి ప్రపంచంలో చూసిన పర్షియన్లలో మూడింట ఒక వంతుకి పైగా ఈ జబ్బుతోనే ఉన్నాయి. ఇది డామినెంట్ జబ్బు, తల్లి నుంచో తండ్రి నుంచో ఆ మారిన జన్యువు ఒక్క కాపీ వస్తే చాలు. జత చేసిన రెండింట్లో ఒకదానికి ఉంటే పుట్టే ప్రతి పిల్లకీ సగానికి సగం అవకాశం. రెండింటికీ ఉంటే రెండు కాపీలూ వచ్చిన పిల్లలు కడుపులోనే పోతాయి. బతికి పుట్టినవాటిలో మూడింట రెండొంతులకి జబ్బు ఉంటుంది. ఆ పదిహేను పిల్లల లెక్క ఇప్పుడు మీరే వేసుకోండి.

"మాది ఉత్త క్యారియర్ అండి, జబ్బు లేదు" అని కొందరు తెలివిగా చెబుతారు. జబ్బు లేకుండా జన్యువుని మాత్రం మోసేది క్యారియర్. ఆ మాట రిసెసివ్ జబ్బులకి, అంటే రెండు కాపీలూ ఉంటేనే వచ్చేవాటికి సరిపోతుంది. పి.కె.డి.లో ఒక్క కాపీ ఉన్నా రోగే. దీనికి క్యారియర్ అంటూ ఉండదు.

ఇక కారణాల దగ్గరికొస్తే, మా డెల్టాలో ఎన్ని చెబుతారో! రొయ్య తలకాయలు పెట్టడం వల్లట. బోరు నీళ్ళు ఉప్పగా ఉండటం వల్లట. ఒకాయనైతే ఉద్దానంలో మనుషులకొచ్చే కిడ్నీ జబ్బుల సంగతి పేపర్లో చదివి, "మన నీళ్ళలో కూడా అదే ఉందేమోనండి" అని టెన్షన్ పడి పిల్లికి మూడు నెలలు మినరల్ వాటర్ పట్టారు. నీళ్ళు ఏవైనా ఆ తిత్తులు పుట్టించవు. అవి తల్లి కడుపులోనే మొదలయ్యాయి.

మరి తెలుసుకోవడం ఎలా? రెండే దారులు. ఒకటి, అల్ట్రాసౌండ్. పది నెలలు నిండాక, అలవాటున్న చేతులతో చేయించాలి. నాలుగు నెలల పిల్లకి స్కాన్ తీసి "క్లియర్" అని రాసిచ్చిన కాగితం నా దగ్గరికి తేకండి, ఆ వయసులో చిన్న తిత్తులు తప్పించుకుంటాయి. రెండోది జన్యు పరీక్ష. బుగ్గ లోపల బ్రష్‌తో రుద్ది ఆ నమూనా ల్యాబ్‌కి పంపడమే. సూది లేదు, మత్తు లేదు. ఏ వయసులోనైనా సరే, జన్మకి ఒక్కసారి చేయిస్తే చాలు. గేదెకి ముర్రా సెమన్ వేయించేటప్పుడు ఆ దున్న తల్లి పూటకి ఎన్ని లీటర్లిచ్చిందని అడిగే రైతులు మావాళ్ళు. పన్నెండు వేలు పోసి పిల్లిని కొనేటప్పుడు మాత్రం డాల్ ఫేసా, సెమీ పంచా, ట్రిపుల్ కోటా అని అడిగి ఆగిపోతారు. బొచ్చూ ముఖమూ ఫోటోలో పడతాయి, కిడ్నీ పడదు.

ఈ విషయంలో ఎదుటివాళ్ళని తిట్టే అర్హత నాకు పూర్తిగా లేదు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకాయన గండుపిల్లిని తెచ్చి, "స్టడ్‌కి, అదే క్రాసింగ్‌కి ఇస్తున్నాం, ఒకసారి చూసి రాసివ్వండి" అన్నారు. గుండె విన్నాను, జ్వరం చూశాను, పళ్ళు చూశాను, లెటర్‌హెడ్ మీద "ఆరోగ్యంగా ఉంది" అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం ఫోటో తీసి ఆయన వాట్సాప్‌లో రెండేళ్ళపాటు తిప్పారు. నాలుగో ఏట ఆ పిల్లి కిడ్నీలతో పోయింది. దాని పిల్లల్లో ఒకటి తణుకులో మా మేనకోడలి ఇంట్లో ఉంది. "మావయ్యే సర్టిఫికెట్ ఇచ్చాడు కదా" అని ధైర్యంగా కొనుక్కుంది. స్కాన్ నేనే చేశాను. తిత్తులున్నాయి. ఆ రోజు మా అక్క పెట్టిన భోజనం గొంతు దిగలేదు.

పాజిటివ్ వచ్చిందని ఏడ్చేవాళ్ళకి ఒక మాట. మీ పిల్లిని చంపుకోనక్కర్లేదు, వదిలేయనక్కర్లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, ఇక దాని నుంచి సంతానం వద్దు. నీళ్ళు బాగా తాగేలా చూడండి, తడి ఆహారం పెట్టండి, ఆరు నెలలకో ఏడాదికో రక్తం, మూత్రం, బీపీ చూపించండి. చాలా పిల్లులు ఏళ్ళ తరబడి హాయిగా ఉంటాయి. మా మేనకోడలి పిల్లికి ఎనిమిదేళ్ళు నిండాయి, ఇప్పటికీ వాళ్ళ అత్తగారి పూజ దగ్గర పాలు దొంగిలిస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పెడిగ్రీ కాగితం ఉంటే ఆరోగ్యానికి గ్యారంటీ అంటారు. అది వంశవృక్షం. తాత పేరు తెలిసినంత మాత్రాన తాత కిడ్నీ తెలియదు.

అన్నాచెల్లెళ్ళని కలిపితే బ్లడ్ ప్యూర్ అవుతుందంటారు. దీనికి మనకి వేరే పాఠం అక్కర్లేదు. మేనరికం చేసుకోవద్దని డాక్టర్లు ఎందుకంటున్నారో అందరికీ తెలుసు. మేనత్త, మేనమామ పిల్లల పెళ్ళిలో పుట్టే బిడ్డకి ఇన్‌బ్రీడింగ్ లెక్క, అంటే రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు వచ్చే అవకాశం, 6.25 శాతం, మేనమామ-మేనకోడలు అయితే 12.5. ఒక కాన్పు అన్నాచెల్లెళ్ళయితే 25. దాక్కున్న రిసెసివ్ జబ్బులన్నీ అక్కడే బయటికొస్తాయి. పి.కె.డి.కి మాత్రం చుట్టరికంతో పనిలేదు, ముక్కూమొహం తెలియని జతలో కూడా వస్తుంది. ఈ రెండూ కలిపి గందరగోళపడకండి.

వీధి గండుపిల్లి ఒకసారి ఎక్కితే ఆడపిల్లి రక్తం చెడిపోయి తర్వాతి కాన్పులు కూడా పాడవుతాయంటారు. శుద్ధ అబద్ధం. ఒకే ఎదలో రెండు పోతులు కలిస్తే ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు, అంతే. తర్వాతి కాన్పుకి ఆ పాత తండ్రితో సంబంధమే లేదు.

ఆపరేషన్‌కి ముందు ఒక్క కాన్పైనా కావాలంటారు. అక్కర్లేదు.

చెవులు మడతపడ్డ స్కాటిష్ ఫోల్డ్ ముద్దుగా ఉంటుంది, నిజమే. ఆ మడతకి కారణమైన జన్యులోపమే ఒంట్లో కీళ్ళనీ పాడుచేస్తుంది. దాన్ని క్రాసింగ్ చేయించమని నన్ను అడగొద్దు. రెండు కళ్ళూ నీలంగా ఉన్న తెల్లపిల్లి పలకడం లేదంటే పొగరు కాదు, చాలావాటికి పుట్టు చెవుడు. మూడు రంగుల మగపిల్లి అదృష్టమని లక్షలు అడిగితే నవ్వి వచ్చేయండి. మూడు రంగుల పిల్లులు మూడు వేలుంటే వాటిలో ఒకటి మగది, అది కూడా దాదాపు ఎప్పుడూ గొడ్డుదే.

దిష్టి సంగతి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, దీని గురించి వచ్చేవాళ్ళు బాగా బెంబేలెత్తి ఉంటారు. పుట్టినప్పుడు గట్టిగా ఉన్న పిల్లలు పాలు తాగిన ఒకటి రెండు రోజుల్లో మూత్రం ఎర్రబడి ఒక్కొక్కటిగా పోతాయి. "పక్కింటావిడ చూసిందండి" అంటారు. ముందు రక్తం గ్రూపు అనుమానించాలి. తల్లి బి గ్రూపు, తండ్రి ఏ గ్రూపు అయితే ఏ గ్రూపుతో పుట్టిన పిల్లలకి తల్లి ముర్రుపాలలోని యాంటీబాడీలే ప్రాణం తీస్తాయి. పర్షియన్లలో, బ్రిటిష్ షార్ట్‌హెయిర్లలో బి గ్రూపు కనబడుతుంది. జత కట్టకముందే గ్రూపు చూడండి. అప్పటికే ఆలస్యమైతే మొదటి రోజంతా పిల్లల్ని తల్లి దగ్గర వదలకుండా పిల్లి కూనల పాలపొడి పట్టి, మర్నాడు తల్లికివ్వండి. పక్కింటావిడతో మాటలు మానేసినవాళ్ళు మళ్ళీ మాట్లాడండి.

పాలకొల్లు ఆయన పిల్లి పన్నెండో రోజున పోయింది. ఆ తర్వాత ఆయనే ఫోన్ చేశారు. పదిహేను పిల్లల్లో పదకొండిటి ఇళ్ళు వెతికి పట్టుకున్నారట, ఆరుగురిని స్కాన్‌కి పంపుతానన్నారు. ఇద్దరు ఫోన్ పెట్టేశారట, ఒకరు నెంబరు మార్చేశారట. కాకినాడ బస్సులో వెళ్ళిన బూడిదరంగు పిల్ల కొన్నవాళ్ళ పేరు రాసుకోలేదట.

"ఆ బస్సు కండక్టర్ని అడగమంటారా అండీ?" అన్నారు.