డివిజన్ సమస్య కౌన్సిల్‌కి వెళ్తే ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

మునిసిపల్ కార్పొరేషన్ కౌన్సిల్ సెక్షన్‌లో అజెండా తయారు చేయడం, మినిట్స్ (సమావేశంలో జరిగినదాని రికార్డు) రాయడం నా ఉద్యోగం. మీటింగ్ మర్నాడు పేపర్లో పడేది మేయర్ పోడియం దగ్గర తోపులాట ఫోటో ఒక్కటే. దాన్ని బట్టి జనం అనుకునేవి కొన్ని ఉన్నాయి. విజయవాడ సంగతులే ఎక్కువగా చెబుతున్నాను గానీ, గుంటూరు వాళ్ళకీ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

అపోహ: కౌన్సిల్ అంటే అరుపులు, వాకౌట్లు. అక్కడ తేలేది ఏమీ లేదు.

అరుపులు నిజమే. కానీ గొడవ సద్దుమణిగాక అంశాలు నంబర్ల వారీగా చదువుతారు: ఆమోదం, వాయిదా, తిరస్కరణ. పొద్దున్నంతా సాగిన వాదన కంటే ఆ కాసేపట్లో తేలేవే ఎక్కువ. నన్నడిగితే భయపడాల్సింది అరుపులకి కాదు, టేబుల్ అజెండాకి. ముందుగా పంపిన అజెండాలో లేని అంశాన్ని మీటింగ్ రోజు బల్ల మీద పెడతారు. సభ్యులు చదివే లోపే అది ఆమోదమైపోవచ్చు. మీ కార్పొరేటర్ గట్టిగా అరిచారా అని కాదు, లిఖితపూర్వకంగా డీసెంట్ (అసమ్మతి) ఇచ్చారా అని అడగండి. అరుపు పేపర్లో వస్తుంది, డీసెంట్ రికార్డులో ఉంటుంది.

అపోహ: కార్పొరేటర్ తలుచుకుంటే రేపే రోడ్డు పడుతుంది.

కార్పొరేటర్‌కి బిల్లు మంజూరు చేసే అధికారం లేదు. మేయర్ సభకు అధ్యక్షత వహిస్తారు. పనులు నడిపించేది ప్రభుత్వం నియమించే కమిషనర్. మీ వీధి డ్రైన్ సంగతే తీసుకోండి. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ చూడాలి, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలతలు తీసి ఎస్టిమేట్ వేయాలి, అది పై ఇంజనీర్లైన డీఈ, ఈఈల మీదుగా పైకి వెళ్ళాలి, అకౌంట్స్ వాళ్ళు నిధులు ఉన్నాయనాలి. ఆ తర్వాత మొత్తాన్ని బట్టి కమిషనర్ గానీ, స్టాండింగ్ కమిటీ (కొందరు కార్పొరేటర్లతో ఉండే చిన్న కమిటీ) గానీ, కౌన్సిల్ గానీ మంజూరు చేస్తారు. చిన్న పనులు అసలు కౌన్సిల్ దాకా రావు. కౌన్సిల్ ఆమోదించాక కూడా టెండరు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డర్ మిగిలే ఉంటాయి. తీర్మానమైందని వీధిలో స్వీట్లు పంచేసి, ఆర్నెల్ల తర్వాత మమ్మల్ని తిట్టుకునేవాళ్ళు ఇది గమనించాలి.

అర్జీ రాసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. "మా కాలనీ సమస్యలు పరిష్కరించగలరు" అని రాస్తే దాని మీద ఎస్టిమేట్ వేయలేరు. ఏ రోడ్డు, ఏ డోర్ నంబర్ నుంచి ఏ డోర్ నంబర్ వరకు, సుమారు ఎన్ని అడుగులు, వాన పడితే నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయి, ముఖ్యంగా ఆ నీళ్ళు చివరికి ఎక్కడ కలవాలి - ఇవి రాయండి. ఊళ్ళో చాలా చోట్ల వాలు తక్కువ. చివర దారి చూడకుండా మీ వీధిలో ఓ ముక్క కాలువ కడితే మీ నీళ్ళు పక్క వీధిలో తేలతాయి, అక్కడివాళ్ళు ఇంకో అర్జీ పెడతారు. ఏఈ మొదట ఆ చివరి దారి గురించి అడిగేది అందుకే.

అపోహ: ఊళ్ళో ఉన్నదంతా కార్పొరేషన్‌దే.

2024 సెప్టెంబర్ మొదట్లో సింగ్ నగర్, పాయకాపురం మునిగినప్పుడు జనం కోపమంతా కార్పొరేషన్ మీదికే మళ్ళింది. కానీ ఆ వరద తెచ్చిన బుడమేరు వాగు జలవనరుల శాఖది. గండ్లు పడింది ఊరి బయట, ఎగువన. ఊరి మధ్య నుంచి పారే ఏలూరు, బందరు, రైవస్ కాలువలూ ఆ శాఖవే. వాటి మీద కౌన్సిల్ చేయగలిగింది తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపడం. అలాగని కార్పొరేషన్ చేతులు దులుపుకోవడానికి లేదు. వీధి డ్రైన్లలో పూడిక, ప్లాన్ లేకుండా లేచిన కట్టడాలు, వరద తగ్గాక బురద, చెత్త - ఇవన్నీ దాని బాధ్యతే, వీటి మీద నిలదీయండి. స్తంభం కరెంటు వాళ్ళది, దాని మీది వీధిలైటు కార్పొరేషన్‌ది. జాతీయ రహదారి మీద గుంతైతే ఎన్‌హెచ్ఏఐ (జాతీయ రహదారుల సంస్థ). గుంటూరు శంకర్ విలాస్ ఆర్‌ఓబీ (రైలు పట్టాల మీది వంతెన) లాంటిదైతే రైల్వే కూడా కలిసిరావాలి.

అపోహ: ఇంటి పన్ను పెంచింది కౌన్సిలే.

ఇది సగం నిజం. అద్దె విలువ పద్ధతి తీసేసి మూలధన విలువ (స్థలం, కట్టడం విలువ) మీద పన్ను వేయాలన్నది 2020లో రాష్ట్ర ప్రభుత్వం చేసిన చట్ట సవరణ. నివాస భవనాలకు 0.10 నుంచి 0.50 శాతం దాకా హద్దులు పెట్టి, ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదన్నారు. ఆ హద్దుల్లో రేటు ఎంత ఉండాలన్నదే స్థానికంగా తేలేది. ఆ "ఎంత" దగ్గర ఎవరు ఎటు నిలబడ్డారో మినిట్స్‌లో చూసుకోవచ్చు.

అపోహ: కౌన్సిల్ లేకపోయినా పనులు ఆగవు కదా!

ఆగవు. 2010 నుంచి 2014 వరకు, మళ్ళీ 2019 నుంచి 2021 వరకు విజయవాడలో ఎన్నికైన కౌన్సిల్ లేదు, ప్రభుత్వం నియమించిన స్పెషల్ ఆఫీసర్ల పాలనే. తీర్మానాలు అప్పుడూ అయ్యాయి, ఇంకా త్వరగా అయ్యాయి. ప్రశ్నోత్తరాలు లేవు, డీసెంట్ లేదు, "ఈ పని మా డివిజన్‌కి ఎందుకు రాలేదు" అని సభలో అడిగే మనిషి లేడు. మా సెక్షన్‌కి పని తేలికే, ఒప్పుకుంటాను. 64 డివిజన్ల ఊరికి మాత్రం అది మంచిది కాదని నా అభిప్రాయం.

అపోహ: మినిట్స్ బయటివాళ్ళకి ఇవ్వరు.

సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. "కౌన్సిల్ వివరాలన్నీ" అని అడిగితే ఏది కావాలో మాకూ అర్థం కాదు. మీటింగ్ తేదీ, అంశం నంబరు రాసి తీర్మానం నకలు, దానికి జత చేసిన ఆఫీసు నోట్, డీసెంట్ ఉంటే అదీ కావాలని విడివిడిగా అడగండి. అంశం నంబరు తెలియకపోతే ముందు ఆ నెల అజెండా కాపీ ఒక్కటే అడిగి, తర్వాత మిగతావి అడగండి.