సోడియం బ్యాటరీ రీసైక్లింగ్: కిటుకంతా అల్యూమినియం రేకులోనే

'సోడియం బ్యాటరీలో ఉండేది ఉప్పులోని సోడియమే కదా, పాడయ్యాక పారేస్తే పోలేదా?' అని ఒక పాఠకుడి ప్రశ్న. దిష్టి తీసిన ఉప్పయితే నీళ్లలో కలిపేసి చేతులు దులుపుకోవచ్చు. ఈ సెల్‌లోని ఎలక్ట్రోలైట్‌లో (అయాన్లు అటూ ఇటూ తిరిగే ద్రవంలో) సాధారణంగా ఉండే లవణం సోడియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. దానికి నీళ్లు తగిలితే విషపూరితమైన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది.

సోడియం చవకన్న మాట మాత్రం నిజం. దాన్ని విడదీసి అమ్మితే గిట్టదు. కాబట్టి కేథోడ్ (సెల్‌లో ప్లస్ వైపు) పొడిని మూలకాలుగా విడగొట్టకుండా పొడిగానే దక్కించుకోవాలి. అందుకు సాయపడేది ఆ పొడిని పూసే అల్యూమినియం రేకు.

లిథియం అల్యూమినియంతో కలిసి మిశ్రమలోహమైపోతుంది కనుక లిథియం సెల్‌లో ఆనోడ్‌కి (మైనస్ వైపుకి) రాగి రేకు వాడతారు. సోడియం అలా కలవదు, రెండు వైపులా అల్యూమినియమే. అందువల్ల సెల్‌ని సున్నా వోల్టులదాకా దించొచ్చు. రాగి ఉంటే అక్కడ కరగడం మొదలవుతుంది. ముందు రెసిస్టర్ మీదుగా డిశ్చార్జ్ చేసి, ఆ తర్వాతే టెర్మినళ్లని తీగతో కలపాలి. తీగ వెంటనే తీసేస్తే వోల్టేజీ మళ్లీ లేస్తుంది. చార్జ్ మిగిలిన ఆనోడ్‌కి తేమ తగిలితే అంటుకునే ప్రమాదం ఉంది.

ఇక అసలు పని. సెల్ విప్పి, డైమిథైల్ కార్బొనేట్ అనే ద్రావణితో ఎలక్ట్రోలైట్ కడిగేశాక, నికెల్-ఇనుము-మాంగనీస్ ఆక్సైడ్ పూసిన కేథోడ్ పట్టీని నీళ్లలో వేస్తారు. ఆక్సైడ్‌లోంచి కొంత సోడియం బయటికొచ్చి, దాని చోటికి ప్రోటాన్లు చేరతాయి. నీళ్ల పీహెచ్ 12 దాకా పోతుంది. అంటే క్షారం మనం పోయక్కర్లేదు, కేథోడే తయారుచేసుకుంటుంది. అల్యూమినియం మీది పలుచని ఆక్సైడ్ పొర ఆ క్షారంలో కరుగుతుంది (పదో తరగతిలో బట్టీ పట్టించే 'ద్విస్వభావ ఆక్సైడ్' పనికొచ్చేది ఇక్కడే). కింది లోహానికి నీరు తగిలి హైడ్రోజన్ బుడగలు పుడతాయి. అవి పుట్టేది సరిగ్గా రేకుకీ పూతకీ నడుమ. పూత పూరీలా పొంగి, ఊడి వస్తుంది.

ఊడగానే రేకు తీసేయాలి. ఆలస్యమైతే 1 గ్రాము అల్యూమినియం కరిగినప్పుడల్లా 1.3 లీటర్లకు పైగా హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. కరిగిన అల్యూమినియం తర్వాత పీహెచ్ తగ్గినప్పుడు జిగురు హైడ్రాక్సైడై వడపోత గుడ్డని మూసేస్తుంది, పొడిలోనూ కలుస్తుంది.

పొడిలోని బైండర్‌ని (పొడిని రేకుకి అంటించే జిగురుని), కార్బన్‌ని ముందు కాల్చేయాలి. బైండర్‌లో ఫ్లోరిన్ ఉంది కాబట్టి పొగని స్క్రబ్బర్ (పొగలోని విషవాయువుల్ని కడిగే పరికరం) గుండా పంపాలి. పోయిన సోడియం పూరించడానికి సోడియం కార్బొనేట్ కలిపి, సుమారు 850-900 డిగ్రీల సెల్సియస్ దగ్గర మళ్లీ కాలుస్తారు. ఆ వేడికి సోడియం కొంత ఆవిరైపోతుంది, అందుకే లెక్కకన్నా కాస్త ఎక్కువే వేస్తారు.

సోడియం సెల్‌లలో వాడే మరో రకం, ప్రష్యన్ వైట్ కేథోడ్‌కి ఈ పద్ధతి పనికిరాదు. అందులో ఉన్నది సయనైడ్ జాలకం. కొలిమిలో వేసినా, వేడి గాఢ ఆమ్లంలో వేసినా ప్రాణాంతకమైన హైడ్రోజన్ సయనైడ్ రావచ్చు. పూతని ముందే రేకు నుంచి వేరుచేసి క్షారంలో విప్పితే ఇనుమో, మాంగనీసో హైడ్రాక్సైడుగా అడుగుకి దిగి, ఫెర్రోసయనైడ్ ద్రావణంలో మిగులుతుంది. వడగట్టి తగిన లోహ లవణం కలిపితే అదే రకం జాలకం మళ్లీ అవక్షేపమవుతుంది.

కార్బన్ బ్లాక్ కలిసి ఉండడంతో రెండు రకాల పూతలూ ముదురు రంగులోనే కనిపిస్తాయి. సెల్ మీద రకం ముద్రించి లేకపోతే, ఆమ్లం బాటిల్ మూత తీసేముందు శాంపిల్ పరీక్ష చేయించాల్సిందే.