మోకాళ్లు అరిగాయని నడక మానేయకండి

నిన్న కూడా అదే జరిగింది. అరవై దాటిన ఒకావిడ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చారు. ఇంకా కూర్చోనైనా లేదు, కవర్లోంచి ఎక్స్‌రే తీసి నా చేతిలో పెట్టి, "చూడమ్మా, గుజ్జంతా అరిగిపోయిందట, నడిస్తే ఉన్నది కూడా పోతుందట" అన్నారు. ఎవరన్నారంటే చుట్టాలు, పక్కింటివాళ్లు, ఫోన్లో చూసిన వీడియోలు. ఎనిమిది నెలలుగా ఆవిడ గడప దాటలేదు. మరి ఇన్నాళ్లు కదలకుండా ఉంటే నొప్పి తగ్గిందా అని అడిగాను. పెరిగిందట. పదహారేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, ఈ మాట వినని వారం లేదు.

అపోహ: కీలు అరిగింది, వాడకుండా దాచుకోవాలి.

జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. మోకాలంటే బండి టైరులాంటిదని, తిరిగినకొద్దీ అరగడమే తప్ప ఇంకేం జరగదని మనకో లెక్క. కానీ టైరుకి ప్రాణం లేదు, కీలుకి ఉంది. మనం గుజ్జు అని పిలిచే మృదులాస్థికి సొంత రక్తనాళాలు ఉండవు. కీలు లోపలుండే ద్రవమే దానికి ఆహారం. అడుగు వేసినప్పుడు బరువు పడి అది నొక్కుకుంటుంది, కాలు ఎత్తగానే ఆ ద్రవాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. కూర్చుండిపోతే ఈ రాకపోకలే తగ్గిపోతాయి. దీనికి తోడు తొడ ముందుభాగంలోని కండరం సన్నబడుతుంది. అది మోయాల్సిన బరువు మోకాలి మీద పడుతుంది, నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగింది కదా అని ఇంకాస్త కూర్చుంటారు, ఈలోగా ఒంటి బరువూ పెరుగుతుంది. ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. అదే లెక్క తిరగేసి చూసుకోండి, కూర్చోబెట్టడం వల్ల ఎంత నష్టమో తెలుస్తుంది.

ఇంకో విషయం. గుజ్జుకి నరాలు కూడా ఉండవు. అంటే నొప్పి దాని నుంచి నేరుగా రాదు, కింద ఉన్న ఎముక నుంచి, వాచిన పొర నుంచి, చుట్టూ ఉన్న కండరాల నుంచి వస్తుంది. అందుకే ఎంత అరిగితే అంత నొప్పి అన్న లెక్క కుదరదు. అరుగుదల బాగా ముదిరిందని చెప్పే గ్రేడ్ 4 రాసిన రిపోర్టు పట్టుకుని మెట్లెక్కి వచ్చినవాళ్లని చూశాను, గ్రేడ్ 2కే రాత్రిళ్లు నిద్రపట్టక ఏడ్చినవాళ్లనీ చూశాను. మామూలు ఎక్స్‌రేలో అసలు గుజ్జే కనిపించదు, ఎముకల మధ్య ఖాళీ ఎంతుందో చూసి అంచనా వేస్తారు. 45 దాటినవాళ్లకి కదిలితే వచ్చే నొప్పి ఉండి, పొద్దున్నే బిగుసుకుపోవడం లేకపోతే, ఉన్నా అరగంటలోపే వదిలితే, ఎక్స్‌రే లేకుండానే అరుగుదల అని నిర్ధారించవచ్చని బ్రిటన్‌లో చికిత్సలు ఎలా చేయాలో చెప్పే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చికిత్సలో అందరికీ ముందు చెప్పాల్సింది వ్యాయామమేనని కూడా వాటిలోనే ఉంది.

మా అమ్మ విషయంలో నేనూ ఈ తప్పు చేశాను. నేను చదువుకుంటున్న రోజుల్లో ఆవిడకి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ప్రేమ కొద్దీ మెట్లెక్కనివ్వలేదు, చిన్న పని కూడా చేయనివ్వలేదు. ఏడాది తిరిగేసరికి కుర్చీలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ నడిపించడానికి మా ఇద్దరికీ నెలలు పట్టింది. అందుకే తల్లిదండ్రులని కూర్చోబెట్టే పిల్లల మీద నాకు కోపం రాదు, కానీ ఆ భయం మాత్రం పోగొట్టాలనిపిస్తుంది.

నొప్పి ఉంటే ఎలా నడవాలి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సున్నా నుంచి పది వరకు మార్కులేసుకోండి. వ్యాయామం చేసేటప్పుడు నొప్పి ఐదు దాటకుండా ఉండి, మర్నాటికల్లా మామూలు స్థితికి వస్తే మీరు చేస్తున్నది సరిపోయింది. దాటితే కొంచెం తగ్గించండి, పూర్తిగా ఆపకండి. ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టినా చాలు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పడుకుని తొడ బిగించి వదలడం లాంటివి చాలా తేలిగ్గా కనిపిస్తాయి, కానీ తొడకి బలం తెచ్చేవి అవే. తేడా తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, పది రోజులు చేసి లాభం లేదని వదిలేసేవాళ్లే ఎక్కువ. చేతికర్ర వాడితే నొప్పి ఉన్న కాలికి అవతలివైపు చేతిలో పట్టుకోండి, దాదాపు అందరూ నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వేళ్లు విరుచుకుంటే కీళ్లు అరగవు. నొప్పి, వాపు లేకుండా మోకాలు టకటకమన్నా టెన్షన్ అక్కర్లేదు. గ్లూకోసమిన్ బిళ్లలు గుజ్జు పెంచుతాయని కొంటారు, 2006లో పదిహేను వందల మందికి పైగా పాల్గొన్న అమెరికా ట్రయల్‌లో మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగ్గా పనిచేయలేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, కానీ మూడు నెలలకోసారి రెండేళ్లు వేయించుకున్నవాళ్లలో గుజ్జు ఇంకా ఎక్కువ తగ్గినట్టు 2017లో తేలింది. నొప్పి బిళ్లలు సొంతంగా నెలల తరబడి మింగకండి, కడుపు, కిడ్నీ, గుండె మూడిటికీ ప్రమాదం. ముందు పైపూత జెల్ గురించి డాక్టర్ని అడగండి. ఇక కీలు మార్పిడి ఆపరేషన్ అంటే వణికిపోయేవాళ్లకి ఒక మాట: అన్నీ ప్రయత్నించాక కూడా నిద్ర, నడక రెండూ పోయినవాళ్లకి అది మంచి ఆపరేషనే, మోకాలి మార్పిడుల్లో నూటికి ఎనభైకి పైగా పాతికేళ్లు నిలుస్తున్నాయి.

ప్రతి కీళ్ల నొప్పీ అరుగుదల కాదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి. పొద్దున్నే గంటకు పైగా బిగుసుకుపోతుంటే, చేతివేళ్ల కీళ్లు రెండువైపులా వాస్తుంటే అది కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) కావచ్చు, ఆలస్యం చేయకుండా ఇలాంటి జబ్బులు చూసే రుమటాలజిస్టుని కలవండి. జ్వరంతో ఒక కీలు ఎర్రగా, వేడిగా వాచిపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నిన్నటి ఆవిడ నా ఎదుటే కుర్చీ చేతులు పట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చున్నారు. రెండోసారికే కూతురు కంగారుగా పట్టుకోబోయింది, ఆవిడే వద్దన్నారు. "రేపు నొప్పెడితే?" అని అడిగారు వెళ్తూ. మూడుసార్లే లేవండమ్మా, మానేయకండి అన్నాను. వారం తర్వాత మళ్లీ రమ్మన్నాను, ఎక్స్‌రే అక్కర్లేదన్నాను.