రియల్ ఐడీ: ఒక నక్షత్రం గుర్తు కోసం ఇన్ని కాగితాలు ఎందుకు?

మా చెల్లెలు పెళ్లయి అమెరికా వచ్చిన ఏడాది, రియల్ ఐడీ డ్రైవింగ్ లైసెన్సు కోసం ఆఫీసుకి తీసుకెళ్లిన ఫైలు నాకింకా కళ్లముందే ఉంది. రియల్ ఐడీ అంటే కేంద్రం పెట్టిన ప్రమాణాల ప్రకారం రాష్ట్రం ఇచ్చే, నక్షత్రం గుర్తున్న కార్డు. దేశంలో విమానం ఎక్కడానికి చూపించే లైసెన్సు ఇలాంటిదై ఉండాలి. పాస్‌పోర్టు, ఐ-94 ప్రింటు (దేశంలోకి ఎప్పుడొచ్చారో, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం), హెచ్-4 కాగితం (హెచ్-1 ఉద్యోగి భార్యకిచ్చే వీసాది), వాళ్లాయన ఐ-797 (వీసా మంజూరైందని చెప్పే నోటీసు), పెళ్లి సర్టిఫికెట్, అపార్ట్‌మెంట్ లీజు. ఏదీ మర్చిపోలేదనే ధైర్యంతోనే వెళ్లింది. కౌంటర్లో ఉన్నావిడ లీజు తిరగేసి, అందులో తను 'ఉంటున్న మనిషి' మాత్రమేనని, సంతకం భర్తదేనని చెప్పి వెనక్కి ఇచ్చేసింది. కరెంటు బిల్లు ఆయన పేరు మీద, ఇంటర్నెట్ బిల్లు కూడా ఆయన పేరు మీదే. 'ఈ అడ్రసులో మీరు ఉంటున్నట్టు మీ పేరుతో రెండు కాగితాలు కావాలి' అంది. పైగా సోషల్ సెక్యూరిటీ నంబరు (ముఖ్యంగా పని చేసే అనుమతి ఉన్నవాళ్లకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే సంఖ్య) లేదు కాబట్టి, 'ఈమెకు నంబరు ఇవ్వడానికి వీల్లేదు' అని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు రాసిచ్చిన ఉత్తరం కూడా కావాలంది. నంబరు రాదని చెప్పే కాగితం కోసం ఇంకో ఆఫీసులో ఇంకో లైను.

ఆ రోజు ఇంటికొచ్చి చెల్లెలు ఏడ్చింది. తప్పు తనదేమో అనుకుంది. తనది కాదు. ఆ కౌంటర్లో కూర్చున్నావిడదీ కాదు. ఆ రెండు కాగితాల షరతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 2001 దాకా వెనక్కి వెళ్లాలి.

అమెరికాలో జాతీయ గుర్తింపు కార్డు లేదు. ఉండకూడదని అక్కడ చాలామంది గట్టిగా నమ్ముతారు. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద 1946 నుంచి 1972 దాకా 'గుర్తింపు కోసం కాదు' అని అచ్చువేసేవారు కూడా. ఆ ఖాళీని డ్రైవింగ్ లైసెన్సు నింపింది. బండి నడపడానికి రాష్ట్రం ఇచ్చే కార్డే బ్యాంకులో, విమానాశ్రయంలో మనిషి గుర్తింపుగా చెల్లింది. కానీ ఏ రాష్ట్రం నిబంధనలు దానివే. ఒకచోట గట్టిగా అడిగేవారు, ఇంకోచోట చూసీచూడనట్టు ఇచ్చేసేవారు.

2001 సెప్టెంబరు 11న విమానాలను హైజాక్ చేసిన 19 మందిలో ఒక్కరు తప్ప అందరి దగ్గరా ఏదో ఒక అమెరికా గుర్తింపు పత్రం ఉందని, కొన్ని మోసంతో సంపాదించినవని విచారణ కమిషన్ 2004 జులైలో తేల్చింది. లైసెన్సులకు, జనన ధ్రువపత్రాలకు దేశమంతటా ఒకే ప్రమాణం ఉండాలని సిఫారసు చేసింది. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన ఇంటెలిజెన్స్ సంస్కరణల చట్టంలో దీనికి ఒక మెత్తని దారి పెట్టారు. రాష్ట్రాలను కూర్చోబెట్టి, వాటితో మాట్లాడి నిబంధనలు రాయాలన్నది ఆ దారి.

అది కొన్ని నెలలే నిలిచింది. లైసెన్సు ఇవ్వడానికి రాష్ట్రాలు ఏయే రుజువులు చూడాలో కేంద్రమే చెప్పేలా విస్కాన్సిన్ ప్రతినిధి జేమ్స్ సెన్సెన్‌బ్రెనర్ తెచ్చిన రియల్ ఐడీ బిల్లు 2005 ఫిబ్రవరిలో 261-161 ఓట్లతో ప్రతినిధుల సభ దాటింది. సెనేట్‌లో దాని మీద విడిగా చర్చే జరగలేదు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధ ఖర్చులకు, 2004 డిసెంబరు సునామీ సాయానికి పెట్టిన సుమారు 8,200 కోట్ల డాలర్ల అత్యవసర బిల్లుకు దీన్ని జతచేశారు. మన కోస్తాలో పడవల్ని, ఇళ్లని లాక్కెళ్లిన ఆ సునామీయే. సైనికుల డబ్బుకి, సునామీ బాధితులకి అడ్డుపడే సెనేటర్ ఎవరుంటారు? 100-0తో నెగ్గింది. 2005 మే 11న అధ్యక్షుడు బుష్ సంతకం చేశారు. రాష్ట్రాలతో మాట్లాడే దారి దాంతో రద్దయిపోయింది. దీని తర్వాత జరిగిన గందరగోళంలో సగానికి మూలం ఇక్కడే ఉందని నేను అనుకుంటాను.

చట్టం ప్రకారం మూడేళ్లలో, అంటే 2008 మే నాటికి, అన్ని రాష్ట్రాలూ ఈ కొత్త లైసెన్సులకి మారిపోవాలి. కానీ డబ్బెవరిస్తారు? ఐదేళ్లలో 1,100 కోట్ల డాలర్లు దాటుతుందని రాష్ట్రాల సంఘాలు 2006లో లెక్కవేశాయి. రాష్ట్రాల డేటాబేస్‌లు కలిపేస్తే ఇది చాటుగా వచ్చిన జాతీయ కార్డే అవుతుందని పౌరహక్కుల సంఘాలు మొత్తుకున్నాయి. 2007 జనవరిలో మెయిన్ అనే రాష్ట్రం శాసనసభ మొదట ఎదురుతిరిగింది. మోంటానా గవర్నర్ బ్రయన్ ష్వైట్జర్ ససేమిరా అన్నారు. గడువు 2008 నుంచి 2009కి, 2011కి, 2013కి జరిగింది. తర్వాత 2020 అక్టోబరు అన్నారు. కోవిడ్ వచ్చి అది 2021కి, 2023కి, చివరికి 2025 మే 7కి వెళ్లింది. చట్టం పుట్టిన ఇరవై ఏళ్లకు గానీ విమానాశ్రయాల్లో అమలు మొదలు కాలేదు.

ఇన్నిసార్లు వాయిదా పడ్డ గడువుని జనం నమ్మరు కదా. అందుకే 2025 వసంతంలో ఆఫీసుల ముందు అంత రద్దీ. అమలు దగ్గరపడే నాటికి ప్రయాణికుల్లో సుమారు 81 శాతం మంది దగ్గరే సరైన గుర్తింపు ఉందని కేంద్ర అధికారులే చెప్పారు.

ఇక కాగితాల సంగతి. పేరు, పుట్టిన తేదీ రుజువుకి ఒకటి. సోషల్ సెక్యూరిటీ నంబరు. అడ్రసుకి రెండు. అమెరికాలో చట్టబద్ధంగా ఉన్నట్టు రుజువు. మన పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం ఇక్కడ పనికిరాదు, పాస్‌పోర్టు, ఐ-94, గ్రీన్‌కార్డు లాంటివే కావాలి. సోషల్ సెక్యూరిటీ కార్డునే పట్టుకెళ్లి చూపించాలన్న షరతుని 2020 డిసెంబరులో కాంగ్రెస్ సడలించింది గానీ నంబరు మాత్రం చెప్పాల్సిందే. వీసా వాళ్ల వివరాలను సేవ్ అనే కేంద్ర వ్యవస్థలో సరిచూస్తారు. అక్కడ పేరు కలవకపోతే వారాలు ఆగాలి.

పేరు దగ్గరే మనవాళ్లకి అసలు టెన్షన్. మనకి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో దాన్ని విప్పి రాస్తారు, లేదంటే ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి మొత్తం పేరుని ఇంకో గడిలో పడేస్తారు. అలాంటి పాస్‌పోర్టు మీద వచ్చే అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. చక్కని పేరున్న మనిషి ఇక్కడ ఆ మూడక్షరాల పేరుతో బతకాల్సి వస్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లు ఆ మార్పుని పెళ్లి సర్టిఫికెట్‌తో నిరూపించాలి. రెండుసార్లు మారితే రెండింటికీ పత్రాలు. ఈ బాధ మనవాళ్లదే కాదు, అమెరికన్ ఆడవాళ్లదీ. భారం ఎక్కువగా పడేది వాళ్లమీదే, దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. నక్షత్రం లేకపోయినా చెల్లుబాటయ్యే భారతీయ పాస్‌పోర్టు చూపించి దేశంలో విమానం ఎక్కొచ్చు. గ్రీన్‌కార్డు, ఈఏడీ (పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు) కూడా చెల్లుతాయి. పద్దెనిమిది నిండని పిల్లలకి దేశీయ ప్రయాణాల్లో గుర్తింపు అడగరు. కొత్తగా వచ్చిన కుటుంబాలు ఇది తెలియక, టికెట్ కొన్న రోజు నుంచీ లైసెన్సు కోసం కంగారుపడటం నేను చూస్తూనే ఉన్నాను. ఏదీ లేకుండా వచ్చేవాళ్ల కోసం 2026 ఫిబ్రవరి 1 నుంచి 45 డాలర్ల రుసుముతో వేరే తనిఖీ పెట్టారు.

చెల్లెలికి చివరికి కార్డు వచ్చింది. బ్యాంకు జాయింట్ ఖాతా స్టేట్‌మెంట్ పోస్టులో రావడానికి కొన్ని వారాలు, లీజులో సంతకాలు మార్పించడానికి ఇంకొన్ని రోజులు పట్టాయి. కార్డు మీద నక్షత్రం ఉంది, కింద గడువు తేదీ కూడా ఉంది. అది ఆమె ఐ-94లో ఉన్న తేదీయే. వాళ్లాయన హెచ్-1 పొడిగింపు వచ్చిన ప్రతిసారీ ఆ ఫైలు మళ్లీ అల్మరా నుంచి బయటికొస్తుంది. ఇప్పుడందులో తన పేరుతో కరెంటు బిల్లు కూడా ఉంది.