అప్పడాల చప్పుడు వెనక గొంతు

చిరంజీవులు మనవడికీ మనవరాలికీ,
తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నేను వినిపించిన పాటకి చిట్టితల్లి, "తాతయ్యా, నానమ్మ అప్పడాలు వేయిస్తోందా?" అంది. నవ్వొచ్చింది గానీ తప్పు నాదే. ముందు కథ చెప్పి, తర్వాత పాట పెట్టాల్సింది.

ఆ చప్పుడు వెనక పాడుతున్నాయన జాన్ డి రెస్కే. 1850లో వార్సాలో పుట్టాడు. ఒపేరా గాయకుడు. ఒపేరా అంటే మన పద్యనాటకానికి దగ్గరి చుట్టమనుకోండి, కాకపోతే అక్కడ సంభాషణలు కూడా చాలావరకు పాడేస్తారు. మైకు లేదు. ఎదురుగా మోగే అంత పెద్ద వాద్యబృందాన్ని దాటుకుని గొంతు ఆఖరి వరస దాకా వెళ్లాలి. ఆ రోజుల్లో మగ గాయకుల్లో ఆయనే మేటి అనేవారు. మీరు విన్నది వాస్కో డ గామా వేషంలో పాడింది. అవును, మీ సోషల్ పుస్తకంలో ఉన్న గామానే! మయ్యర్‌బీర్ అనే సంగీతకర్త ఆయన మీద ఒక ఒపేరా రాశాడు. ఓడ దిగి, కొత్త నేలని చూసి, "ఓ స్వర్గమా" అని మురిసిపోయే పాట అది.

ఇంత గాయకుడికి ఒక్క మంచి రికార్డు లేదు. తమ్ముడు ఎడ్వర్డ్ 1903లో మూడు పాటలు ఇచ్చాడు, అవి ఉన్నాయి. జాన్ 1905లో పారిస్‌లో ఫోనోటిపియా కంపెనీకి రెండు పాటలు పాడాడు. విన్నాక ఆయనకే నచ్చలేదట. అమ్మకానికి పెట్టనివ్వలేదు, పగలగొట్టించాడని చెబుతారు. ఒక్క నకలైనా ఎక్కడో మిగిలి ఉంటుందని పాత రికార్డులు పోగుచేసేవాళ్లు నూరేళ్లు దాటినా వెతుకుతూనే ఉన్నారు. ఇంతవరకు దొరకలేదు. నాకైతే ఆ పెద్దాయన మీద కొంచెం కోపమే.

మరి మనం విన్నదెక్కడిది? న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ ఒపేరా అనే పెద్ద నాటకశాల ఉంది. అందులో లయొనెల్ మేపుల్‌సన్ అని ఒక లైబ్రేరియన్ ఉండేవాడు. వాద్యగాళ్లకి సంగీతం రాసిన కాగితాలు అందించడం ఆయన పని. 1900లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ ఒకటి, అంటే పాటని పట్టుకుని మళ్లీ వినిపించే యంత్రం, కొనుక్కున్నాడు. పాట ఎక్కేది మైనంతో చేసిన సిలిండర్ మీద, అది సుమారుగా మన మంచినీళ్ల గ్లాసంత ఉంటుంది. గొంతు గరాటాలో పడితే ఒక పల్చటి రేకు వణుకుతుంది, దానికి అంటిన ముల్లు తిరుగుతున్న మైనం మీద గాడి గీస్తుంది. కరెంటు లేదు, ఏమీ లేదు. రెండు నిమిషాలయ్యేసరికి సిలిండర్ అయిపోతుంది.

మొదట్లో ఆయన పాటగాళ్లకి మాటలందించే గూట్లోంచి రికార్డు చేశాడు. గరాటా జనానికి కనబడుతుండటంతో, వేదికకి 40 అడుగుల పైన, తెరలు లాగేవాళ్లు నడిచే సన్నటి బల్లల మీదకి చేరాడు. కింద ప్రదర్శన నడుస్తోంది, పైన ఈయన చీకట్లో మైనం మీద పడే పొట్టు ఊదుకుంటూ కూర్చున్నాడు. నా ఊహలో అలాగే కనిపిస్తాడు. పాటగాడు గరాటా కిందికొస్తే గొంతు వినిపిస్తుంది, నాలుగడుగులు పక్కకి వేస్తే నూతిలో పడ్డట్టు మాయం. పాట మంచి పట్టులో ఉండగా టక్కున తెగిపోతుంది.

మైనం మెత్తన కదా, విన్న ప్రతిసారీ ముల్లు కాస్త గీరేస్తుంది. మేపుల్‌సన్ వాటిని మళ్లీ మళ్లీ వేసి వినేవాడు. నచ్చిన పాటనే కదా ఎవరైనా పదేపదే వేసుకునేది! అందుకే గొప్ప పాటలే ఎక్కువ అరిగిపోయాయని నా అనుమానం.

1937లో సెల్ట్‌సమ్ అనే రికార్డుల పిచ్చోడు ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లి రెండు సిలిండర్లు తెచ్చుకుని డిస్కుల మీదకి ఎక్కించాడు. మేపుల్‌సన్ అదే ఏడాది పోయాడు. సిలిండర్లు చివరికి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి చేరాయి. 1985లో 6 ఎల్పీలుగా, అంటే పెద్ద డిస్కులుగా, అచ్చయ్యాయి. జాన్ గొంతు ప్రపంచంలో మిగిలింది ఆ అరిగిన మైనం మీదే.

ఇంకో తమాషా వినండి. పారిస్ ఒపేరా భవనం నేలమాళిగలో 1907 డిసెంబరు 24న 24 డిస్కులు పాతిపెట్టారు, నూరేళ్ల తర్వాత తీయమని. డిస్కుకీ డిస్కుకీ మధ్య గాజుపలక, చుట్టూ ఆస్బెస్టాస్, బయట లోహపు డబ్బా. 1912లో మరికొన్ని పెట్టి, అప్పటికి ఇలాంటి యంత్రం ఎవరి దగ్గరా ఉండదేమోనని ఒక గ్రామఫోన్ కూడా పెట్టారు. 1989లో ఏసీ పని చేస్తూ చూస్తే తలుపు పగిలి ఉంది, గ్రామఫోన్ లేదు! అంత జాగ్రత్తగా దాచినవేమో అంగట్లో అమ్మిన పాటలే. జాన్ పాట మాత్రం ఎవరూ పాతిపెట్టలేదు.

అన్నట్టు, ఆ డిస్కులు చేసింది లక్కతో. మన ఏటికొప్పాక బొమ్మలకి రంగు పట్టించే లక్కే. అప్పట్లో ఎక్కువగా మన దేశపు అడవుల్నించే వెళ్లేది. చూడ్డానికి రాయిలా ఉంటుంది, జారిందంటే పెంకులే. మా నాన్న కొన్న డిస్కొకటి మంచం మీద పెడితే, పదేళ్ల నేను చూసుకోకుండా దాని మీద కూర్చున్నాను. ఆ పాట మళ్లీ నాకెక్కడా దొరకలేదు.

ఈసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదటిసారి చప్పుడే వస్తుంది. మూడోసారికి చెవి అలవాటు పడుతుంది. చప్పుడుని వదిలేసి, అది కాక ఇంకేం ఉందా అని వెతకండి. గొంతు సాగుతూ సాగుతూ పైకి వెళ్లే చోటు ఒకటుంది, అది పట్టుకుంటే నాకు ఫోన్ చేయండి.

ఆదివారం రండి. నానమ్మ నిజంగానే అప్పడాలు వేయిస్తానంటోంది.

మీ తాతయ్య