ల్యాప్‌టాప్ క్రాష్ అయితే డేటా పోయినట్టేనా? డేటా రికవరీపై అపోహలు - వాస్తవాలు

ల్యాప్‌టాప్ మొరాయించగానే టెన్షన్‌లో చేసే పనులే చాలాసార్లు డేటాను చేయి దాటిపోయేలా చేస్తాయి. డేటా రికవరీ నా వృత్తి. పాడైన డిస్క్ వస్తే ఏదో ఒక దారి వెతుకుతాం. పాడయ్యాక నలుగురి సలహాలూ ప్రయోగించి తెచ్చిన డిస్క్‌ను చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. అందులో పిల్లల చిన్ననాటి ఫొటోలు ఉంటాయి, ఏళ్ల తరబడి రాసుకున్న థీసిస్ ఉంటుంది. అందుకే, నేను తరచూ వినే మాటల్లో ఏది నిజమో ఏది కాదో రాస్తున్నాను.

అపోహ: ల్యాప్‌టాప్ పోతే డేటా కూడా పోయినట్టే

మదర్‌బోర్డ్ కాలిపోయినా, స్క్రీన్ పగిలినా, విండోస్ బూట్ కాకుండా నీలి తెర దగ్గరే ఆగిపోయినా, డిస్క్ మాత్రం చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది. దాన్ని బయటికి తీసి, యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డిస్క్‌ను యూఎస్‌బీతో కలిపే పెట్టెలో) పెట్టి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు కనిపిస్తాయి. పాడైంది విండోస్ ఒక్కటే అయితే డిస్క్ విప్పాల్సిన పని కూడా లేదు. లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి కాపీ చేసుకోవచ్చు.

అయితే ఇక్కడ రెండు చిక్కులున్నాయి. పలుచని ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో, ఇటీవలి మ్యాక్‌బుక్‌లన్నింటిలో స్టోరేజ్ చిప్‌లు మదర్‌బోర్డ్ మీదే సోల్డర్ చేసి ఉంటాయి. అక్కడ డేటా కావాలంటే ముందు బోర్డ్‌ను బతికించాలి.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాను కీ లేకుండా చదవలేకుండా మార్చేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) విండోస్ సదుపాయం. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో యజమానికి తెలియకుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. దాని తాళంచెవి మదర్‌బోర్డ్‌లోని టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది కాబట్టి, డిస్క్‌ను వేరే మెషిన్‌కు తగిలించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి ఉంటే మామూలుగా ఆ అకౌంట్‌లోనే అది దొరుకుతుంది. అది లేకపోతే ఎంత పెద్ద ల్యాబ్ అయినా చేతులెత్తేయాల్సిందే. మీ ల్యాప్‌టాప్ బాగున్న ఈరోజే ఆ కీ ఎక్కడుందో చూసి రాసిపెట్టుకోండి.

అపోహ: డిస్క్ టిక్ టిక్ మంటున్నా నాలుగైదుసార్లు ఆన్ చేస్తే ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటుంది

ఇంతకంటే నష్టం చేసే నమ్మకం ఇంకొకటి లేదు. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో ప్లాటర్లు (డేటా ఉండే గుండ్రటి పళ్లేలు) సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. వాటికి ఆనకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తులో గాలి పొర మీద, డేటాను చదివే హెడ్ తేలుతుంటుంది. మన వెంట్రుక మందమే పదుల వేల నానోమీటర్లలో ఉంటుంది, అంటే ఆ ఎత్తు ఎంత తక్కువో ఊహించండి. హెడ్ దెబ్బతింటే ప్లాటర్ మీది గుర్తులు చదవలేక వెనక్కి వెళ్లి మళ్లీ వస్తుంది. మనకు వినిపించే టిక్ టిక్ అదే. అలా తిరిగిన ప్రతిసారీ, వంగిన హెడ్ ప్లాటర్ పైపూతను గీకే ప్రమాదం ఉంటుంది.

అలా గీసుకుపోయిన డిస్క్‌ను దుమ్ము చేరని క్లీన్ బెంచ్ కింద విప్పితే, తళతళలాడాల్సిన ప్లాటర్ మీద సన్నని వలయాకారపు గీతలు కనిపిస్తాయి. మూలనున్న చిన్న తెల్ల ఫిల్టర్ బూడిద రంగుకు తిరిగి ఉంటుంది. ఫిల్టర్‌కు పట్టిన ఆ పొడి, ఫైళ్లను దాచుకున్న పూతే. అలాంటి డిస్క్‌కు కొత్త హెడ్లు వేసినా అదే గీత మీద అవీ పాడవుతాయి. కాబట్టి శబ్దం వినగానే పవర్ తీసేయండి, మళ్లీ ఆన్ చేయకండి.

ఫ్రీజర్‌లో పెట్టి తీసే చిట్కా కూడా వద్దు. చల్లబడిన డిస్క్ బయటికి రాగానే తేమ పడుతుంది, నడిపితే మిగిలినదీ పోతుంది. ఇంట్లో మూత విప్పడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే హెడ్ తేలే ఎత్తుతో పోలిస్తే ఒక దుమ్ము కణం చాలా పెద్దది.

అపోహ: ముందు చెక్‌డిస్క్ రన్ చేస్తే సరిపోతుంది

విండోస్‌లోని చెక్‌డిస్క్ టూల్ చూసేది ఫైల్ సిస్టమ్ (ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పద్దు) లెక్కలు కుదిరాయా లేదా అని. మీ ఫైళ్లను కాపాడటం దాని పని కాదు. బ్యాడ్ సెక్టర్లు (చదవడానికి వీల్లేని చోట్లు) ఉన్న డిస్క్ మీద నడిపితే, చదవలేని ఎంట్రీలను తీసేసి, పేర్లు లేని ముక్కలు మిగులుస్తుంది.

మేం చేసేది వేరు. డిస్క్ మీద ఏమీ రాయకుండా ముందు సెక్టర్ సెక్టర్‌గా క్లోన్ (అచ్చు నకలు) తీస్తాం. డీడీరెస్క్యూ అనే ఉచిత టూల్ సులువుగా చదవగలిగిన భాగాలను మొదట కాపీ చేసి, మొండికేసే చోట్లను చివర్లో చదవడానికి పక్కన పెడుతుంది. మధ్యలో ఆగిపోయినా ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటుంది. ఆ తర్వాత ప్రయోగాలన్నీ క్లోన్ మీదే.

అపోహ: డిలీట్ అయిన ఫైల్‌ను సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా తీసిస్తుంది

హార్డ్ డిస్క్ విషయంలో ఇది సగం నిజం. డిలీట్ చేస్తే ఆ చోటు ఖాళీ అని గుర్తు పడుతుందంతే, పైన కొత్తది రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. అందుకే రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేయకూడదు, దొరికిన ఫైళ్లను అందులోనే సేవ్ చేయకూడదు.

తిరిగే ప్లాటర్ల బదులు చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ కథ పూర్తిగా వేరు. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి, ఫైల్ డిలీట్ చేయగానే ట్రిమ్ కమాండ్ ఎస్‌ఎస్‌డీకి వెళ్తుంది. ఆ బ్లాకులు అక్కర్లేదని డ్రైవ్ వాటిని తుడిచేసుకుంటుంది. క్విక్ ఫార్మాట్ చేసినా అంతే. సాఫ్ట్‌వేర్ మాత్రం ఫైల్ పేరు, సైజు, తేదీ అన్నీ చూపించి ఆశ పెడుతుంది. అలా దొరికిన ఫొటోను హెక్స్ వ్యూయర్‌లో (ఫైల్‌లోని ముడి కోడ్‌ను చూపే టూల్‌లో) తెరిస్తే, జేపెగ్ మొదట్లో ఉండాల్సిన ఎఫ్‌ఎఫ్ డీ8 ఉండదు. పైనుంచి కింది దాకా సున్నాలే. డబ్బు కట్టి లైసెన్స్ కొనేముందు ప్రివ్యూ తెరుచుకుంటోందో లేదో చూడండి.

అపోహ: స్మార్ట్ స్టేటస్ "గుడ్" అంటోంది, డిస్క్‌కు ఢోకా లేదు

స్మార్ట్ అంటే డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే గమనించుకుని హెచ్చరించే ఏర్పాటు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలిస్తే, పాడైన వాటిలో సగానికి పైగా డిస్క్‌లు నాలుగు ముఖ్యమైన స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ చూపలేదు. స్మార్ట్ హెచ్చరిస్తే నమ్మండి, హెచ్చరించలేదని ధీమాగా ఉండకండి.

అపోహ: మంచి ల్యాబ్ అయితే నూటికి నూరు శాతం గ్యారంటీ ఇస్తుంది

డిస్క్‌ను పరీక్షించకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు. మీరు చెప్పే వివరాలే మాకు సగం దారి చూపిస్తాయి: కింద పడిందా, నీళ్లు పడ్డాయా, శబ్దం ఎప్పుడు మొదలైంది, ఈలోపు ఏమేం ప్రయత్నించారు. దాచకుండా చెప్పండి, తప్పుపట్టడానికి అడగం. మీకు అన్నింటికన్నా ముఖ్యమైన ఫోల్డర్లు ఏవో కూడా రాసివ్వండి. బలహీనంగా ఉన్న హెడ్ ఎంతసేపు పనిచేస్తుందో తెలియదు కాబట్టి, వీలైన చోట ముందు వాటినే చదివిస్తాం.