పాటల అద్దె షాపులు

చిన్నీకి, వంశీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో మాట్లాడుతుంటే వెనకాల మీ ఇద్దరి గోల వినపడింది, ఏంటే అంటే పాటల యాప్ గొడవంట. వంశీగాడేమో స్పాటిఫై అంటాడు, చిన్నీ యూట్యూబ్ మ్యూజిక్ అంటుంది, జియోసావన్ ఊరికే వస్తుంటే డబ్బులెందుకురా అని మీ నాన్న, పైగా క్లాసులో ఎవరో యాపిల్ మ్యూజిక్‌లో సౌండ్ అదిరిపోద్దన్నారట. ఒక్కదానికే కడతా, మీలో మీరు తేల్చుకోండి అన్నాడట మీ నాన్న. అప్పుడు చిన్నీ ఫోన్ లాక్కుని "తాతయ్యా, అన్నిట్లో అవే పాటలుంటే మరి ఇన్ని యాప్‌లెందుకు?" అనడిగింది చూడండి, ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది. ఫోన్లో చెప్పే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా, పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదవండి.

మా చిన్నప్పుడు తెనాలిలో అద్దె పుస్తకాల షాపులుండేవి. నవల కొనుక్కునే స్తోమతు ఎవరికుంది, డిపాజిట్ కట్టి ఒక్కో పుస్తకం తెచ్చుకోవడం, రోజుకింత అని పైసల్లో అద్దె. మా వీధి చివర ఒకటి, బోసు రోడ్డు వైపు ఇంకోటి. మా షాపాయన ప్రతి పుస్తకానికీ దళసరి అట్ట కుట్టించి, వెన్ను మీద ఎర్ర సిరాతో నంబరేసి, మొదటి పేజీలో ఒక స్టాంపు, మధ్యలో ఎవరికీ తెలీని పేజీలో ఇంకో స్టాంపు గుద్దేవాడు. ఎవడన్నా మొదటి పేజీ పీకేసి ఇది మా ఇంట్లోదే అన్నాడనుకో, మెల్లగా ఆ మధ్య పేజీ తీసి చూపించేవాడు. డిటెక్టివ్ నవలకి చివరి పేజీ లేకపోతే మాత్రం ఆయన్నే అడిగేవాళ్ళం, హంతకుడెవరో నోటితోనే చెప్పేవాడు, దానికి అద్దె తగ్గించేవాడు కాదు!

మీ యాప్‌లన్నీ ఇలాంటి షాపులే. రెండు షాపుల్లోనూ అవే నవలలు ఎందుకుండేవి? అచ్చేసేవాళ్ళు వాళ్ళే కాబట్టి. పాటలకీ అంతే, ఆదిత్య, లహరి, టీ-సిరీస్, సోనీ, సరిగమ, ఇలాంటి కంపెనీల దగ్గర హక్కులుంటాయి, షాపులన్నీ వాళ్ళ దగ్గర్నించే తెచ్చుకుంటాయి. అందుకే కొత్త సినిమా పాట అన్నిచోట్లా ఒకేసారి దొరుకుద్ది, దానికోసం ఏ యాపైనా ఒకటే. తేడా ఎప్పుడు తెలుస్తుందంటే, అచ్చేసేవాడికీ షాపువాడికీ చెడినప్పుడు. స్పాటిఫై మన దేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చింది, రెండు నెలలు తిరక్కుండానే సరిగమ వాళ్ళు ఢిల్లీ హైకోర్టుకెళ్ళారు, వాళ్ళ పాటలన్నీ అందులోంచి తీసేశారు. సరిగమ అంటే పాత హెచ్ఎంవీ, కుక్క బొమ్మ రికార్డులు. ఘంటసాల, సుశీల పాత పాటల్లో చాలావరకు వాళ్ళ దగ్గరే ఉన్నాయి, ఇంక చూసుకోండి, 2020 మేలో ఒప్పందం కుదిరేదాకా మా వయసు వాళ్ళకి ఆ షాపులో సగం బీరువాలు ఖాళీ. ఇలాంటిది ఏ యాప్‌కైనా ఏ రోజైనా జరగొచ్చు, అందుకే కోట్ల పాటలున్నాయి అనే ప్రకటన చూసి మోసపోకండి. మనకి కావాల్సిన పది పాటలు ఉన్నాయా లేదా, అదీ లెక్క.

ఇంకో తేడా చెప్తా. బోసు రోడ్డు షాపాయన వీక్లీల్లో వచ్చే సీరియల్స్ పేజీలు వారం వారం కత్తిరించి దారంతో బైండు చేసి అవి కూడా అద్దెకిచ్చేవాడు. పుస్తకంగా అచ్చవ్వని కథలు కూడా ఆయన దగ్గర దొరికేవి, కాకపోతే ఒక వారం పేజీ మిస్సయ్యేది, ఒకచోట నూనె మరక, ఒకచోట ఎవరో పెన్సిల్‌తో "హీరోకి బుద్ధి లేదు" అని రాసేవాళ్ళు. యూట్యూబ్ మ్యూజిక్ అచ్చం ఆ బైండు పుస్తకాల షాపు. ఏ కంపెనీ అమ్మనివి, ఎవరింట్లోనో పాత క్యాసెట్లోంచి ఎక్కించిన హరికథలు, బుర్రకథలు, గుళ్ళో కచేరీలు అందులో దొరుకుతాయి, గరగర కూడా బోనస్. అమ్మమ్మకి ఇష్టమైనవి ఎక్కువ అక్కడే ఉంటాయి. కాకపోతే డబ్బు కట్టకపోతే ఫోన్ స్క్రీన్ ఆపగానే పాటా ఆగిపోద్ది, అదొక చిరాకు.

ఇక వంశీగాడి వాదన, స్పాటిఫై మన మనసు తెలుసుకుని పాటలేస్తుంది అని. నిజమే, కానీ అందులో మంత్రమేం లేదురా. మా షాపాయన దగ్గర పొడుగాటి పద్దు పుస్తకం ఉండేది, ఎవరు ఏ నంబరు పుస్తకం తీసుకెళ్ళారో అందులో రాసేవాడు. అది తిరగేసి "ఇది చదివిన మాస్టారు అది కూడా అడిగి పట్టుకెళ్ళారు, తీస్కో" అనేవాడు. యాప్ కూడా అదే చేస్తుంది, కోట్ల మంది పద్దులు చూసి మరీ చేస్తుంది. ఐతే మా ఇంటికంతా ఒకటే పద్దు, మా నాన్న పేరు మీద, దాంట్లోనే మా అమ్మ నవలలు, నా డిటెక్టివ్‌లు, మా బాబాయి జ్యోతిష్యం. పాపం షాపాయనకి మేమందరం కలిపి ఒకే మనిషిలా కనపడేవాళ్ళం, ఓసారి మా అమ్మకి మాంచి నవల అని చెప్పి రక్తం మరకల అట్ట పుస్తకం పంపించాడు. మీ ఇంట్లో జరిగేది కూడా ఇదే, పొద్దున్నే అమ్మ అదే ఫోన్లో సుప్రభాతం పెడుతుంది, సాయంత్రం నువ్వు డీజే పాటలు పెడతావు, మర్నాటికి అది రెండూ కలిపి ఏదో వంట వండుద్ది. దీనికి మందు ఫ్యామిలీ ప్లాన్, యాపిల్, యూట్యూబ్ రెండింట్లోనూ ఉంది, ఒక ఇంట్లో ఆరుగురిదాకా ఎవరి పద్దు వాళ్ళకి. మీ నాన్న ఒక్కదానికే కడతా అన్నాడు గానీ ఒక్కరికే కడతా అనలేదుగా, ఆ పాయింటు పట్టుకోండి.

డబ్బులు కట్టినా పాటలు మీవి అవ్వవు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. డౌన్‌లోడ్ చేశాం కదా అంటారు, అది అద్దె పుస్తకాన్ని మన అలమారాలో పెట్టుకోవడం లాంటిదే, కట్టడం మానేస్తే తాళం పడిపోద్ది. స్పాటిఫైలో ఐతే నెలకోసారైనా నెట్ తగలకపోతే డౌన్‌లోడ్ చేసిన పాటలు మోగవు. షాపే మూసేస్తే? మూస్తారు మరి. గూగుల్ అంతటివాళ్ళు ప్లే మ్యూజిక్‌ని 2020లో మూసేశారు, రెస్సో అనే పాటల యాప్ 2024 జనవరి ఆఖరుకి పోయింది, అదే ఏడాది ఆగస్టులో ఎయిర్‌టెల్ వాళ్ళు వింక్ అనే వాళ్ళ పాటల యాప్ మూసేస్తున్నాం అన్నారు. ఎన్నో ఏళ్ళు పేర్చుకున్న లిస్టులు, అంత ఇష్టమైనవి ఐతే ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకోండర్రా, రెండు పేజీలు అంతేగా. పాట పేరు, సినిమా పేరు. నవ్వకండి.

సౌండ్ గొడవ గురించి పెద్దగా చెప్పను. కేబీపీఎస్ అంటే పాటకి సెకనుకి ఎంత డేటా పట్టుద్దో చెప్పే కొలత. 320 కేబీపీఎస్ అంటే నిమిషానికి దాదాపు రెండున్నర ఎంబీ, 96 అంటే ముప్పావు ఎంబీ కూడా పట్టదు, బస్సులో డేటా తక్కువున్నప్పుడు ఈ లెక్క పనికొస్తుంది. లాస్‌లెస్ అనేది, అంటే రికార్డింగులోది ఏదీ తగ్గించకుండా ఇచ్చేది, ఇంకా పెద్దది, కానీ మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్సులో అది పూర్తిగా రానే రాదు, ఎంత నీళ్ళు పోసినా గరాటాలోంచి పట్టినంతే కదా దిగేది. యాపిల్‌కి ట్రయల్ అయిపోయాక ఫ్రీ అనేది లేదు. మిగతావాళ్ళ ఫ్రీ కూడా షరతులు మారుతుంటాయి, 2023లో స్పాటిఫై మన దేశంలో ఫ్రీవాళ్ళకి కావాల్సిన పాట కావాల్సిన వరసలో వినే వీలు తీసేసింది. రేట్లు నేను రాయను, ఎప్పుడు మారతాయో తెలీదు, మీ నాన్నకి చూడ్డం వచ్చు.

ఇక్కడిదాకా నా షాపు పోలిక బానే నడిచింది, డబ్బు దగ్గరకొచ్చేసరికి కుంటుతోంది. మా షాపాయన ఒక నవలని రెండొందల మందికి తిప్పినా రాసినాయనకి పైసా ముట్టేది కాదు. ఇక్కడ అలా కాదు, అందరూ కట్టేది ఒక కుప్ప పోసి, ఎవరి పాట ఎంత వినపడిందో ఆ వంతున హక్కులున్నవాళ్ళకి పంచుతారు, స్పాటిఫై ఐతే తనకొచ్చే దాంట్లో దాదాపు మూడింట రెండొంతులు అలా పోతుందని చెప్తుంది. ముప్ఫై సెకన్లు వింటేనే విన్నట్టు లెక్క. 2012లో మన కాపీరైట్ చట్టం మార్చాక పాట రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ సినిమా హాలు బయట వాటిని వాడినందుకు రాయల్టీలో వాటా హక్కయింది. ఈ కుప్పలోంచి ఎవరికెంత అనేది నాకు వివరించబుద్ధి కావట్లేదు, చెప్పబోతే బ్యాంకు స్టేట్‌మెంటులా ఉంటుంది. నన్ను ఆశ్చర్యపరిచేది వేరే, అర్ధరాత్రి నిద్రపట్టక నేను చెవిలో పెట్టుకుని విన్న డెబ్భై ఏళ్ళనాటి పాట, ఎక్కడో ఒక పద్దులో ఒక్క గీతగా పడుతుందంటే, ఆ గీతని మర్చిపోకుండా లెక్కేస్తున్నారంటే, అబ్బ ఏం కాలంలో ఉన్నామర్రా! మీరు మాత్రం పల్లవి అవ్వకుండానే తర్వాతి పాటకి గెంతుతారు. చరణం దాకా ఆగండి, మంచి మాటలు అక్కడుంటాయి.

సరే, ఈ ఆదివారం పని చెప్తా. కాగితం తీసుకుని ఇద్దరూ చెరో పది పాటలు రాయండి, అమ్మ ఐదు, అమ్మమ్మకి ఫోన్ చేస్తే ఆమె ఐదు. అన్ని యాప్‌లూ ఫ్రీలోనో ట్రయల్లోనో వేసుకుని వెతకండి (ట్రయల్ అయిపోయే తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాయండి, లేకపోతే కార్డులోంచి కోసేసుకుంటారు). వెతికేటప్పుడు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగుల్లో ఒకసారి కొట్టి చూడండి. దొరికినదాన్ని నమ్మేయకండి, ప్లే చెయ్యండి, ఘంటసాల అని ఉంటుంది, తీరా ఎవరో కీబోర్డు మీద వాయించింది వస్తుంది. టిక్కులు లెక్కపెట్టి మీ నాన్నకి చూపించండి, ఎక్కువ టిక్కులు ఏ యాప్‌కొస్తే దానికి కట్టమనండి.

ఇంకొకటి, మా రోజుల్లో రేడియోలో జనరంజని పెడితే పాటకి ముందు సినిమా పేరు, రాసిందెవరు, సంగీతం ఎవరు, పాడిందెవరు అన్నీ చెప్పేవాళ్ళు, మాకు ఆత్రేయ, ఆరుద్ర పేర్లు అలాగే నోటికొచ్చాయి. పాట రాసినాయన పేరు ఏ యాప్ చూపిస్తుంది, ఎన్నిసార్లు నొక్కితే కనపడుతుంది, అది కూడా కాగితం మీద వేరే గడిలో రాయండి. ఎక్కడా దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యండి, నేను చెప్తా. మధ్యాహ్నం రెండింటి నుంచి మూడున్నర దాకా మాత్రం చెయ్యొద్దు, పడుకుంటా.

తాతయ్య